తొట్టిలో రెక్కలు

రెక్కలు ముందు పోతాయి. ఆమె చేపను ఎడమ చేత్తో బల్లకు అదిమిపట్టి, మొప్పల వెనక చిన్న కత్తిని ఒక్కసారి ఆడిస్తుంది. కాళ్ల దగ్గరున్న ప్లాస్టిక్ తొట్టిలో ఇంకో రెక్క పడుతుంది. తర్వాత తల. ఆ తర్వాత పొట్ట, వెన్నుముల్లు, పక్కముళ్లు. నేను జేబులోంచి ఫోను తీసేలోపే ఆ చేప తెరిచిన పుస్తకంలా రెండు పుటలై పళ్లెంలో పడుకుంది. తడిమి చూసినా ఒక్క ముల్లు తగలదు.

తొట్టిలోకి వంగి చూశాను. నిండా రెక్కలే. తూనీగ రెక్కంత పల్చన, మధ్యలో సన్నటి ఈనెలు, తడికి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకటి తీసుకోవచ్చా అని అడిగితే ఆమె పక్కబల్ల వాళ్లకు వినపడేలా నవ్వింది. "పారేసేదానికి కూడా అడుగుతారా డార్లింగ్!" మన సంతల్లో 'బాబూ', 'అమ్మా' అన్నంత మామూలుగా ఇక్కడ ఎవరైనా ఎవరికైనా డార్లింగే. వేలికొసలతో రెక్కను బల్లమీద పరిచి విప్పాను. జపాను విసనకర్రలా మడత మడతగా విచ్చుకుంది. జానెడు చేపకు, దాని ఒంట్లో సగానికి పైగా పొడవున్న రెక్క.

ఇది బార్బడోస్ దీవి దక్షిణపు ఒడ్డున ఉన్న ఆయిస్టిన్స్ చేపల మార్కెట్. రాజధాని బ్రిడ్జ్‌టౌన్ నుంచి పదకొండో నంబరు జెడ్‌ఆర్ వ్యాను ఎక్కి వచ్చాను. తెల్ల వ్యాను, దానికో ముదురెరుపు చార, లోపల గుండెలదిరే పాటలు, ఇంక చోటు లేదనుకున్నాక ఇంకో నలుగురు. మన షేర్ ఆటోకి వరసకు అన్న అవుతుంది. సముద్రం కనిపించకముందే వాసన వచ్చింది. కాకినాడ కుంభాభిషేకం రేవులో వచ్చే వాసనే, కాకపోతే ఎండుచేపల ఘాటు లేదు. దాని బదులు నిమ్మకాయ, వేడి నూనె.

మన రేవుల్లో బేరాలు తెల్లవారుజామున మొదలై ఎండ ముదరకముందే ముగుస్తాయి. ఇక్కడ వరస తిరగబడింది. రోజువారీ పడవలు వేకువన వెళ్లి పొద్దువాలే వేళకు వస్తాయి కాబట్టి మార్కెట్టుకు ప్రాణం వచ్చేది సాయంత్రమే. నేను వెళ్లిన మార్చి నెల చేపకు మంచి కాలం. డిసెంబరు నుంచి జూన్ దాకా ఎగిరే చేప దొరుకుతుంది. నాలుగు గంటలకు గచ్చు కడుగుతున్నారు. అయిదుకల్లా అడుగు పెట్టడానికి చోటు లేదు. గొట్టంలోంచి నీళ్లు, త్రాసు చప్పుడు, మంచు పగలగొట్టే చప్పుడు. వెనక చెట్టు కింద నలుగురు పెద్దమనుషులు డామినోలు ఆడుతున్నారు, ఒక్కో బిళ్లనూ బల్ల విరిగేలా కొడుతున్నారు. బిళ్ల అలా కొట్టకపోతే అది ఆట కాదట.

మొదటి బల్ల మీద తూర చేపలు, ఇనపగుండ్లలా గట్టిగా. రెండో బల్ల మీద మన విశాఖ వాళ్లు కొమ్ము కోనాం అనే జాతి చేపను రంపంతో కోస్తున్నారు. మూడో బల్ల దగ్గర పలక మీద సుద్దతో 'డాల్ఫిన్' అని రాసి ఉంది. నా పక్కనున్న తెల్ల దంపతుల మొహాలు పాలిపోయాయి. బల్ల వెనకాయనకు ఇది రోజూ ఉండేదే. "ఇది చేపే తల్లీ, మీ టీవీలో గెంతేది కాదు" అని సర్దిచెప్పాడు. హవాయి వాళ్లు మహిమహి అని పిలిచే చేపకు ఇక్కడి పేరు డాల్ఫిన్. మగదానికి నుదురు గోడలా నిటారుగా లేస్తుంది. బల్ల మీద బూడిదరంగులో, అక్కడక్కడ పసుపు మరకలతో ఉంది. నీళ్లలో అది ఇలా ఉండదు. ఒళ్లంతా బంగారం, వీపు నీలిపచ్చ. పడవలోకి లాగినప్పుడు చర్మం కింది రంగుకణాలు అదుపు తప్పి రంగులు అలలు అలలుగా పరిగెడతాయి. ప్రాణంతో పాటు అవీ పోతాయి. ఆ రంగులు చూసేది పడవలోని మనుషులే. కొనుక్కునే వాళ్లకు వచ్చేది బూడిద.

ఎగిరే చేపనూ ఈ డాల్ఫిన్‌నూ పక్కపక్క బల్లల మీద పెట్టడంలో ఒక తమాషా ఉంది, ఎవరూ కావాలని చేసింది కాకపోయినా. ఎగిరే చేప ఎగిరేది ప్రధానంగా ఈ డాల్ఫిన్ భయానికే.

ఎగరడం అన్నానుగానీ, నిజానికి అది రెక్కలాడించదు. నీళ్లలో ఉన్నంతసేపూ రెక్కలు ఒంటికి అంటిపెట్టుకుని ఈదుతుంది. వెనక శత్రువు తగిలితే పైకి తిరిగి గంటకు దాదాపు 36 కిలోమీటర్ల వేగంతో నీటి పైపొరను చీల్చుకుని బయటికొస్తుంది. అప్పుడు రెక్కలు విప్పుతుంది. అసలు విద్య ఆ తర్వాత ఉంది. ఒళ్లంతా గాలిలోకి వచ్చినా తోకను నీళ్లలోనే వదులుతుంది. ఆ తోక పైపాయ పొట్టి, కిందిపాయ పొడుగు. ఎందుకా వంకర అంటే ఇందుకే. ఆ కిందిపాయతో సెకనుకు 50 నుంచి 70 సార్లు నీటిని కొడుతుంది. నీరు గాలికంటే ఎనిమిది వందల రెట్లు చిక్కన. ఒంటికి ఆ చిక్కదనం అడ్డు తప్పింది, తోకకు మాత్రం తన్నడానికి అదే ఆసరా. దాంతో వేగం గంటకు 60, 70 కిలోమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు తోక కూడా పైకి లేస్తుంది.

ఒక్క ఊపులో పోయేది సాధారణంగా ముప్పై నుంచి యాభై మీటర్లు. దిగే సమయానికి మళ్లీ తోక మాత్రం ముంచి, నాలుగు తన్నులు తన్ని, మళ్లీ లేస్తుంది. అలా ముంచుతూ లేస్తూ నాలుగు వందల మీటర్ల దాకా పోయినవి ఉన్నాయి. 2008లో జపాను దక్షిణాన యకుషిమా దీవికి వెళ్లే ఓడ మీంచి ఒక టీవీ బృందం చిత్రించిన చేప 45 సెకన్లు నీటి పైనే ఉంది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టి చూడండి; మనకే కష్టం, అది మొప్పలున్న ప్రాణి.

నేను మొదటిసారి వీటిని చూసింది కరీబియన్‌లో కాదు. చాలా ఏళ్ల కిందట విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడలో. రెండో రోజు పొద్దున కటకటాల మీద మోచేతులు ఆనించి నిలుచుంటే, ఓడ ముక్కు చీల్చిన అలలోంచి పిడికెడు వెండిసూదులు ఎవరో విసిరినట్టు లేచాయి. పక్షులనుకున్నాను. పక్షులైతే నీళ్లలోకి దూరి మాయమవుతాయా? పక్కనున్న కళాసీ 'చేప' అని ఒక్క ముక్క అని బీడీ వెలిగించుకున్నాడు. అతనికి అది వింత కాదు. ఆరోజు నుంచీ వాటిని దగ్గరగా చూడాలని ఉండేది. ఆ దగ్గరతనం ఒక తొట్టి రూపంలో దొరుకుతుందని మాత్రం అనుకోలేదు.

బల్ల దగ్గరామె ఒక చేపను కోయకుండా నా చేతికిచ్చింది. వీపు ముదురు నీలం, పొట్ట వెండి. పైనుంచి చూసే పక్షికి సముద్రంలా, కిందినుంచి చూసే చేపకు ఆకాశంలా. నాలుగు రెక్కలు: పక్కన పెద్దవి రెండు, పొట్ట కింద చిన్నవి రెండు. రైటు సోదరుల తొలి విమానాల్లా రెండంతస్తుల రెక్కలు. పెద్ద కన్ను. దాని నల్లగుడ్డు మీది పొర గుండ్రంగా ఉండదు, పలకలు పలకలుగా తీర్చి ఉంటుంది. బల్లపరుపు పలకలోంచి అయితే నీళ్లలోనూ గాలిలోనూ చూపు చెదరదు. చేపల కన్ను నీటికి, మన కన్ను గాలికి. ఇది రెండు లోకాలకూ కళ్లద్దాలు పెట్టుకుంది.

ఎగిరి తప్పించుకుందంటే అయిపోలేదు. పైన ఫ్రిగేట్ పక్షి కాచుకుని ఉంటుంది. ఆ పక్షికీ ఒక శాపం: సముద్రం మీదే బతుకు, కానీ ఈకలు నీళ్లకు తడిసిపోతాయి, వాలితే లేవలేదు. అందుకని నీటిని ముట్టకుండా, గాలిలో ఉన్న చేపను గాలిలోనే అందుకుంటుంది. కింద డాల్ఫిన్ ఊరుకోదు. నీడ వెంబడి పరిగెత్తి, దిగే చోట నోరు తెరుచుకుని ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్క అన్న మాట పెద్దలు ఈ చేపను చూడకుండానే అన్నారు.

ఈ విద్య కొత్తదీ కాదు. చైనాలో దొరికి 2012లో లోకానికి తెలిసిన పొటానిక్తిస్ అనే శిలాజం దాదాపు ఇరవై నాలుగు కోట్ల ఏళ్ల నాటిది. దానికీ నాలుగు రెక్కలు, పొడుగాటి కిందిపాయ తోక. నేటి ఎగిరే చేపలకు చుట్టం కాదు. అదెవరో, ఇవెవరో. భయం మాత్రం ఒకటే, ఉపాయం మాత్రం ఒకటే. పక్షి అన్నది ఇంకా పుట్టని రోజుల మాట.

బార్బడోస్‌కే ఇన్ని చేపలు ఎందుకు? పటంలో ఈ దీవి కరీబియన్ దీవుల దండకు కాస్త బయట, తూర్పున, అట్లాంటిక్‌లోకి జరిగి కూర్చుంటుంది. దండలోని దీవులు చాలావరకు అగ్నిపర్వతాల పిల్లలు. ఇది కాదు. ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరే చోట సముద్రపు అడుగుమట్టి పారతో గీకినట్టు పోగుపడి పైకి లేచింది, దాని నెత్తిన పగడాలు సున్నపురాయి టోపీ పెట్టాయి. మొత్తం 430 చదరపు కిలోమీటర్లు. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. అట్లాంటిక్ మీదుగా కొట్టుకొచ్చే ప్రతిదానికీ మొదటి మెట్టు ఇదే.

కొట్టుకొచ్చేవాటిలో పెద్దది ఒక నది. అమెజాన్ నీళ్లు సముద్రంలో పడగానే కలిసిపోవు. ఉప్పునీటికంటే తేలిక కాబట్టి పొరలా పైన పరుచుకుని, ఒరినోకో నీళ్లను కూడా తోడు తెచ్చుకుని, వెయ్యి కిలోమీటర్లకు పైగా వాయవ్యానికి సాగుతాయి. ఏడాదిలో కొన్ని నెలలు బార్బడోస్ చుట్టూ నీలం నీళ్లు పచ్చబారతాయి. ఆ నీళ్ల మీద అడవి తేలుతూ వస్తుంది: దుంగలు, కొమ్మలు, ఆకులు. శ్రావణంలో గోదావరికి వరదొస్తే అంతర్వేది దగ్గర సముద్రం ఎర్రబడటం, ఒడ్డుకు దుంగలు కొట్టుకురావడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ చెత్తే ఎగిరే చేపకు పురిటిల్లు. దీని గుడ్లు నీటికంటే బరువు. వదిలేస్తే అడుగులేని అడుక్కి పోతాయి. అందుకని గుడ్డు గుడ్డుకీ అంటుకునే సన్నటి పోగులుంటాయి. తేలే దుంగకో, కొబ్బరిమట్టకో, సముద్రపు నాచుకో ఆ పోగులతో గుత్తులు గుత్తులుగా కట్టేస్తుంది తల్లి. ఈ జాలరులకు అది ఎప్పుడో తెలుసు. నడిసముద్రంలో పడవ ఆపి చెరకు ఆకుల కట్టలు, కొబ్బరిమట్టలు తాడు కట్టి వదులుతారు. నూనె ఓడే చేపతుక్కు బుట్టలో వేలాడదీస్తారు. చేపలు గుడ్లు పెట్టడానికి ఆ ఆకుల కిందికి మూగుతాయి, ఎంత మైకంలో అంటే చేతివలతో తోడుకోవచ్చు. పురిటికొచ్చిన చోటే వల.

ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, క్రూరత్వానికి కాదు. ఇదే పని మన కోరమాండల్ తీరంలోనూ ఉంది. నాగపట్నం వైపు తమిళ జాలరులు దీన్ని కోలా మీన్ అంటారు. ఆకుకొమ్మల కట్టలు నీళ్లలో వదిలి, గుడ్లకు వచ్చిన చేపల్ని పడతారు. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1923లోనే దీని గురించి రాశాడు. భూగోళానికి అటొకరు ఇటొకరు, ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు జాలరులు. చేప ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది.

పడవల సంగతి చెప్పాలి. 1955 సెప్టెంబరులో జానెట్ తుపాను ఈ దీవిని కొట్టేదాకా ఇక్కడి పడవలు చాలావరకు తెరచాపలవే. ఆ తర్వాతే ఇంజన్లు పెరిగాయి. 1970ల చివర మంచు నింపుకుని రోజుల తరబడి సముద్రంలో ఉండే 'ఐస్ బోట్లు' వచ్చాయి. దూరం వెళ్తే హద్దులొస్తాయి కదా. చేపకు హద్దు లేదు, అది దక్షిణాన టొబాగో నీళ్లకు జరిగితే వీళ్లూ వెనక పోయారు. 2004లో అక్కడ బార్బడోస్ జాలరులను అరెస్టు చేశారు. రెండు దేశాలూ అంతర్జాతీయ న్యాయనిర్ణేతల ముందు నిలబడ్డాయి. 2006 ఏప్రిల్‌లో హద్దు గీశారు కానీ, టొబాగో నీళ్లలో పట్టుకునే హక్కు బార్బడోస్‌కు దక్కలేదు. ఏడాది బతికే జానెడు చేప కోసం రెండు దేశాలు రెండేళ్లు వాదించుకున్నాయి.

ఆ ఏడాది లెక్క ముఖ్యం. ఈ జాతి ఆయుష్షు సుమారు ఏడాదే. ఈసారి గుడ్లు నిలవకపోతే వచ్చేసారి నింపడానికి పాతతరం ఉండదు. 2011 నుంచి సార్గాసమ్ అనే తేలే నాచు ఎన్నడూ లేనంత విరివిగా ఈ దీవుల మీదికి వస్తోంది. 2018లో ఆ నాచుపట్టీ ఆఫ్రికా నుంచి మెక్సికో సింధుశాఖ దాకా 8,850 కిలోమీటర్లు పరుచుకుందని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. గుడ్లు కట్టుకోడానికి తేలే నాచు కావాలన్న చేపకు ఇది పండగ కావాలి మరి. అలా కాలేదు. వలల నిండా నాచే, ఇంజన్లకు చుట్టుకునేది నాచే. నాచు విరివిగా వచ్చిన ఏళ్లలో ఎగిరే చేప తగ్గిందని ఇక్కడ ఎవరినడిగినా అంటారు. తెరచాప పోయాక ఇంజనుకు నాచే శత్రువు. దాని మీద 2024 జూలై 1న బెరిల్ తుపాను. గాలి దక్షిణంగా దాటిపోయినా, అది లేపిన కెరటాలు రేవులోని పడవలను ఒకదాన్నొకటి పొడిచేలా చేశాయి. దీవి చేపల పడవల్లో అధికభాగం దెబ్బతిన్నాయి.

ఇవన్నీ నాకు చెప్పింది పడవ యజమాని ఒకాయన, చెబుతూనే నా చేతిలోని చేపను వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టాడు. ఆకలేసింది.

మార్కెట్టు పక్కనే వరసగా వంటకొట్లు. శుక్రవారం రాత్రి దీవి సగం ఇక్కడే ఉంటుందంటారు. నేను వెళ్లింది బుధవారం, జనం తక్కువ, బెంచీ దొరికింది. అడిగింది కూకూ, ఎగిరే చేప. ఈ దేశపు జాతీయ వంటకం. పళ్లెం వచ్చాక నవ్వొచ్చింది. కూకూ అంటే సంకటి! మొక్కజొన్న పిండిని బెండకాయ ఉడికించిన జిగురునీళ్లలో పోసి, తెడ్డుతో ఉండకట్టకుండా తిప్పి తిప్పి, గిన్నెలో బోర్లించి ముద్ద చేశారు. రాయలసీమ వంటింట్లో తెడ్డు పట్టిన చెయ్యి ఇక్కడికొచ్చి నిలబడితే ఏ ప్రశ్నా అడగకుండా తిప్పడం మొదలుపెడుతుంది. బెండ ఆఫ్రికాది. బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులతో పాటే ఓడల్లో వచ్చింది. చెరకుతోటల యజమానులు వాళ్లకు పెట్టింది ఎక్కడో ఉత్తరాన పట్టి ఉప్పేసిన కాడ్ చేప. చుట్టూ సముద్రం పెట్టుకుని వేల మైళ్ల దూరపు ఉప్పుచేప తిన్నారు. పంచదార లెక్కల్లో అది చవక.

చేప చుట్టలు చుట్టి, థైము, ఉల్లికాడలు, నిమ్మరసం, గొంతు దాకా మండే బొంగరం లాంటి మిరపకాయ వేసి పులుసులా వండారు. ముల్లు లేదు, నీచు లేదు. పులసను తిని పెరిగినవాణ్ని కాబట్టి చేపల విషయంలో నాకు కొంచెం తలబిరుసు ఉంది. ఇది పులస కాదు. కానీ పులుసు ఇంకొంచెం వెయ్యమని అడిగాను.

డబ్బులిస్తే చిల్లర వచ్చింది. ఏడు పలకల డాలరు బిళ్ల. తిప్పి చూస్తే దాని మీద ఎగిరే చేప, రెక్కలు పూర్తిగా విప్పి, నీటి పైన. బల్లమీద కత్తి ముందు తీసేసేదాన్ని నాణెం మీద మాత్రం పొల్లుపోకుండా చెక్కారు.

చీకటి పడుతుండగా జెట్టీ మీదికి నడిచాను. 1652లో ఈ ఆయిస్టిన్స్‌లోనే ఒక సత్రంలో ఇంగ్లండు సేనలకూ దీవి తోటల దొరలకూ సంధి పత్రం రాసుకున్నారని బోర్డులు చెబుతాయి. ఆ సత్రం ఇప్పుడు లేదు. జెట్టీ చివర పిల్లలు నీళ్లలోకి వంగి చూస్తున్నారు. కింద దీపపు వెలుగులో బల్లంత తాబేళ్లు మూడు, వాటి మధ్య తిరుగలి రాయిలా తేలే ఒక టేకుచేప. పచ్చ తాబేలు పెద్దయ్యాక సముద్రపు గడ్డి తినే జీవి. ఇక్కడివి చేపతుక్కు రుచి మరిగాయి. ఒకప్పుడు ఇదే మార్కెట్టులో తాబేటి మాంసం అమ్మేవాళ్లు. 1998 నుంచి పట్టడం నిషేధం. ఇప్పుడవి కస్టమర్లలా సాయంత్రాలు వచ్చి వెళ్తాయి.

బల్ల దగ్గరామె కొడుకో మనవడో, పదేళ్ల కుర్రాడు తొట్టి మోసుకొచ్చాడు. తలలు, పేగులు, ముళ్లు, రెక్కలు, అన్నీ ఒక్కసారే గుమ్మరించాడు. తాబేళ్లు తలల కోసం మెడలు చాచాయి. టేకుచేప పేగుల మీద పరుచుకుంది. రెక్కల జోలికి ఎవరూ రాలేదు. కొన్ని మునిగాయి. మిగిలినవి వెలుగులో మెరుస్తూ, అలకు లేస్తూ దిగుతూ, జెట్టీ నీడ దాటి చీకట్లోకి తేలిపోయాయి. కుర్రాడు తొట్టిని నీళ్లలో ముంచి కడిగాడు, అడుగున అంటుకున్న ఒక రెక్కను గోటితో గీకి విదిలించాడు, తర్వాతి విడతకు పరిగెత్తాడు.